పన్నెండో దెబ్బ

పదేళ్ళ పిల్లను పదకొండు మంది పిల్లల ముందు దొంగ అన్నాను. మెల్లగా కూడా కాదు. వీధిలో అరుగుల మీద కూర్చుని బీడీలు చుట్టుకుంటున్న ఆడవాళ్ళు కత్తెరలు ఆపి తలలెత్తి చూసేటంత గట్టిగా అన్నాను.

నా నోటి సంగతి ముందే చెప్పుకోవాలి. "నోరా, వీపుకు దెబ్బలు తేకే" అని మా అమ్మ నన్ను చూసి రోజుకు రెండుసార్లయినా అనేది. నా వీపుకు ఎప్పుడూ దెబ్బలు తగల్లేదు. నా నోటివల్ల తగిలిన దెబ్బలన్నీ ఎదుటివాళ్ళకే తగిలాయి. కోపం వస్తే నాకు ముందు మాట వస్తుంది, తర్వాత ఆలోచన వస్తుంది. నలభై ఏళ్ళుగా ప్రతి ఆదివారం మోకాళ్ళ మీద ఇదే ఒప్పుకుంటున్నాను, సోమవారానికల్లా మళ్ళీ మొదలు.

సోలాపూర్ భవాని పేట్‌లో మా ప్రార్థన మందిరం పక్క గదిలో సాయంత్రాలు పిల్లలకు లెక్కలు చెబుతాను. మా తాత మగ్గం పని కోసం తెలంగాణ నుంచి వచ్చి, ఇక్కడే ఏసును నమ్ముకున్నాడు. నా దగ్గరకు వచ్చే పిల్లల్లో ముప్పాతిక మంది ఇళ్ళలో మా దేవుడు లేడు. అయినా ఏ తల్లీ అడ్డు చెప్పలేదు. పేటలో నన్ను ఏసు టీచర్ అంటారు. దానిలో వెక్కిరింపు ఏమీ లేదు, గుర్తుకోసం అంటారు, అంతే. సందు చివర ఇంకొకావిడ చెబుతుంది, ఆమెకు కళ్ళద్దాలుంటాయి కాబట్టి చష్మా టీచర్ అంటారు. పాఠానికి ముందు ఒక్క నిమిషం కళ్ళు మూసుకుంటాం. ఎవరి దేవుణ్ణి వాళ్ళు తలుచుకోవచ్చు. ఇతరుల పిల్లలను కూర్చోబెట్టి బోధ చెయ్యను, అది మోసం అని నా నమ్మకం.

కానీ లెక్కలు చెప్పేటప్పుడు మాత్రం నా విశ్వాసాన్ని గుమ్మం బయట విడిచి రాలేను. లెక్క అబద్ధం ఆడదు, ఎందుకంటే దాన్ని సృష్టించిన దేవుడు అబద్ధం ఆడడు అని నేను నిజంగా నమ్ముతాను. రాజుకైనా బిచ్చగాడికైనా రెండూ రెండూ నాలుగే. అది నాకు ఎప్పుడూ చిన్న విషయంగా అనిపించలేదు.

ఆ నెలలో భిన్నాలు నడుస్తున్నాయి. నాలుగింట ఒకటీ, ఆరింట ఒకటీ కలపమంటే పిల్లలు పైవి పైకి, కిందివి కిందికి కలిపేసి పదింట రెండు అని రాసేస్తారు. ఎంత చెప్పినా అదే. అందుకని ఒక టవలు తెచ్చి బల్ల మీద పరిచాను. నాలుగు మడతలు వేసి ఒక మడత చూపించాను, విప్పి ఆరు మడతలు వేసి ఒక మడత చూపించాను. రెండు ముక్కలూ ఒకే సైజులో లేవు కదా, వీటిని కలిపి రెండు ముక్కలు అంటే కొనేవాడు ఊరుకుంటాడా అని అడిగాను. ఊరుకోడు అన్నారు. అయితే రెండింటికీ సరిపోయే చిన్న ముక్క కావాలి. నాలుగో ఎక్కం రాయండి, ఆరో ఎక్కం రాయండి, రెండింటిలోనూ ముందుగా కలిసే అంకె పట్టుకోండి అన్నాను. పన్నెండు. అదే ఇద్దరికీ కింద నిలబడే అంకె. బళ్ళో దాన్ని మరాఠీలో సమచ్ఛేదం అంటారు, తెలుగులో ఉమ్మడి హారం అంటాం. ఏమన్నా పని ఒకటే.

తర్వాత అసలు నియమం చెప్పాను. కింద మూడుతో గుణిస్తే పైన కూడా మూడుతో గుణించాలి. కింద ఒకటి చేసి పైన ఇంకొకటి చేస్తే లెక్క ఒప్పుకోదు. "కింద ఏం చేసినమో పైన గదే చెయ్యాలె. లేకుంటే అది దొంగ లెక్క. దేవుని ముందర ఒకటి, మనుషుల ముందర ఒకటి చేసెటోళ్ళ లెక్క కూడా గంతే" అని చెప్పి, ఆ వాక్యాన్ని అందరితో మూడుసార్లు చెప్పించాను. చాలా బాగా చెప్పాననుకున్నాను. ఆ సాయంత్రం నా మీద నాకే ముచ్చటేసింది.

ఆ పిల్ల రెండో వరుసలో గోడ పక్కన కూర్చునేది. వెనక సందులో వాళ్ళ ఇల్లు, ముందు గదిలో తండ్రి రెండు టవళ్ళ మగ్గాలు నడుపుతాడు, తల్లి బీడీలు చుడుతుంది. సన్నగా, నల్లగా, రెండు జడలతో ఉండేది. మాట్లాడేది తక్కువ. భిన్నాలు మొదలుపెట్టే వరకూ ఆ పిల్లలో నాకు ప్రత్యేకంగా ఏమీ కనపడలేదు.

భిన్నాలు వచ్చాక మాత్రం నేను బోర్డు మీద అంకె వేసి సుద్దముక్క తీసేలోపే జవాబు వచ్చేది. ఆరూ ఎనిమిదీ అంటే ఇరవై నాలుగు. తొమ్మిదీ పన్నెండూ అంటే ముప్పై ఆరు. పదీ పదిహేనూ అంటే ముప్పై. నోట్‌బుక్కు చూస్తే ఎక్కాలు రాసిన గుర్తే లేదు, ఒట్టి జవాబు. మిగతా వాళ్ళు వేళ్ళు మడుచుకుంటూ తంటాలు పడుతుంటే ఈ పిల్ల కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేది.

"ఎట్ల వచ్చింది?" అని అడిగాను.

"వచ్చింది టీచర్" అంది.

"వచ్చింది అంటే ఎట్ల? ఎక్కం రాసినవా?"

"లేదు టీచర్. కలిసినయ్."

కలిసినయ్ అంటే ఏంటో నాకు అర్థం కాలేదు. మళ్ళీ అడిగే ఓపిక కూడా నాకు లేకపోయింది. అడిగి ఉంటే ఇదంతా రాసే పని ఉండేది కాదు.

అప్పటినుంచి ఆ పిల్లను గమనించడం మొదలుపెట్టాను. లెక్క వేసినప్పుడల్లా ఆమె రెండు చూపుడువేళ్ళూ బెంచీ అంచు మీద టకటకలాడేవి. ఎడమ వేలు ఒకలా, కుడి వేలు ఇంకోలా. పక్కన ఆమె పెదనాన్న కూతురు కూర్చునేది, ఆరో తరగతి, ఈ లెక్కలు నిరుడే చేసింది. ఓహో, ఇదా సంగతి అనుకున్నాను. చెల్లి వేళ్ళతో సైగ చేసి అడుగుతోంది, అక్క చెబుతోంది. మర్నాడు అక్కను ఆ మూలకూ చెల్లిని ఈ మూలకూ కూర్చోబెట్టాను. జవాబులు ఆగలేదు, వేళ్ళూ ఆగలేదు. దాంతో నా అనుమానం తగ్గాల్సింది పోయి పెరిగింది. మనసులో ఒకసారి ఎవరినైనా దొంగ అనుకున్నాక వాళ్ళు నీళ్ళు తాగినా దొంగలా తాగినట్టే కనపడుతుంది.

శనివారం పరీక్ష పెట్టాను. పది లెక్కలు, అన్నిటికన్నా చిన్న ఉమ్మడి హారం కనుక్కుని కలపాలి. జవాబుల కాగితం ముందురోజే రాసుకుని, మందిరంలోని పాటల పుస్తకం కింద బల్ల మీద పెట్టాను. పరీక్షకు ముందు గది ఊడ్చి బల్ల తుడిచే వంతు ఆ రోజు ఆ పిల్లది.

పరీక్ష మొదలై పది నిమిషాలైంది. వరుసల మధ్య తిరుగుతూ ఆ పిల్ల వెనక ఆగాను. పది లెక్కలకూ గీతల కింద పది అంకెలు రాసేసి ఉన్నాయి. పైన ఇంకా ఏమీ రాయలేదు. పక్కన ఎక్కాలు లేవు, కొట్టివేతలు లేవు. వేళ్ళు మాత్రం బెంచీ మీద ఆడుతూనే ఉన్నాయి. గది ఊడ్చింది గుర్తొచ్చింది. పాటల పుస్తకం గుర్తొచ్చింది. ఇంక నాకు ఏమీ అక్కర్లేకపోయింది.

కాగితం లాక్కున్నాను. చేతిలో ఉన్న స్కేలుతో ఆ వేళ్ళ మీద ఒకటి కొట్టాను. "దొంగ" అన్నాను. "జవాబులు చూసి రాసినవ్. పాటల పుస్తకం కింద నుంచి తీసి చూసినవ్. ఆ వేళ్ళతోని ఆ కొట్టుడు ఏంది, దొంగ చేష్టలు. దేవుని ఇంట్ల దొంగతనం చేస్తవా?"

ఆ పిల్ల ఏడవలేదు. వేళ్ళు నోట్లో పెట్టుకుని నన్ను చూసింది. "చూడలే టీచర్" అని ఒక్కసారి అంది. "అబద్ధం కూడానా" అన్నాను. లేచి, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. మిగిలిన పదకొండు మందీ తలలు వంచుకుని లెక్కలు చేశారు.

సోమవారం రాలేదు. మంగళవారమూ రాలేదు. తప్పు చేసింది కాబట్టి ముఖం చూపించలేక రావడంలేదు అనుకున్నాను. బుధవారం సాయంత్రం పిల్లలు వచ్చేలోపు పరీక్ష కాగితాలు దిద్దుదామని కూర్చుని, నా జవాబుల కాగితం పక్కన పెట్టుకున్నాను. ఆ పిల్ల కాగితం అన్నిటికన్నా అడుగున పెట్టాను. దాన్ని దిద్దాల్సిన పని లేకపోయినా, అన్నీ అయ్యాక చేతిలోకి తీసుకున్నాను. ఎందుకు తీసుకున్నానో తెలియదు. దేవుడే తీయించాడని నేననుకుంటాను, వేరే ఎవరైనా వేరేలా అనుకోవచ్చు.

ఏడో లెక్కలో కింది అంకెలు ఎనిమిదీ పన్నెండూ. నా కాగితంలో నలభై ఎనిమిది అని ఉంది. తొందరలో రాసినట్టున్నాను. నలభై ఎనిమిది ఎనిమిదో ఎక్కంలోనూ ఉంది, పన్నెండో ఎక్కంలోనూ ఉంది, కాబట్టి ఒట్టి తప్పు కాదు. కానీ అన్నిటికన్నా చిన్నది రాయమని అడిగింది నేనే. చిన్నది ఇరవై నాలుగు.

ఆ పిల్ల కాగితంలో ఇరవై నాలుగు ఉంది.

నా కాగితం చూసి రాసిన పిల్ల నలభై ఎనిమిదే రాయాలి. నేను తప్పు రాసిన చోట ఆ పిల్ల ఒప్పు రాసింది. రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి మళ్ళీ చూశాను, కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాను. ఎన్నిసార్లు చూసినా ఇరవై నాలుగు ఇరవై నాలుగుగానే ఉంది. లెక్క అబద్ధం ఆడదని పిల్లలకు చెప్పేదాన్ని. ఆ నిజం వచ్చి నా నెత్తి మీదే పడింది. ఆ రోజు పిల్లలను గుమ్మంలోంచే పంపేసి వెనక సందుకు నడిచాను.

ఇంట్లో తల్లీ పిల్లా లేరు. తండ్రి ఒక్కడే ఉన్నాడు. ఊరి బయట కుంభారి దగ్గర కార్మికులకు కట్టిన కొత్త కాలనీలో వాళ్ళకు ఇల్లొచ్చింది, ఆదివారమే తల్లీకూతుళ్ళు సామానుతో అక్కడికి వెళ్ళిపోయారు. మగ్గాలు పాతబడ్డాయి, పాత ఇనుము కొనే భంగారువాడికి ఇచ్చేస్తున్నారు. మగ్గాలకు ఎక్కి ఉన్న ఆఖరి నూలు బీములు అయ్యేవరకూ నేసేసి అతనూ వెళ్ళిపోతాడు, ఇకనుంచి వేరేవాళ్ళ ఫ్యాక్టరీలో పని.

"కూర్చో టీచరక్కా, జర ఈ టవలు అయిపోనీ" అన్నాడు. మగ్గాలు ఆపలేదు. గోడకు వాలి నిలబడ్డాను.

నేను పుట్టింది మగ్గాల మధ్య. పెరిగింది మగ్గాల మధ్య. మా పేటవాళ్ళకు మగ్గం చప్పుడు వినపడదు, అది ఆగితేనే వినపడుతుంది. యాభై ఐదేళ్ళ వయసులో ఆ సాయంత్రం మొదటిసారి, చెయ్యడానికి వేరే పనేమీ లేక, మగ్గం చప్పుడు విన్నాను. గుమ్మం దగ్గరి మగ్గం రెండు దెబ్బలు మెత్తగా కొట్టి మూడోది గట్టిగా కొడుతోంది. గోడ పక్కది మూడు మెత్తగా కొట్టి నాలుగోది గట్టిగా కొడుతోంది.

"రెండూ వేరేవేరేగ కొడుతున్నయేంది?" అని అడిగాను, అరుస్తూ.

"అది మూడు దెబ్బల టవలు, ఇది నాలుగు దెబ్బలది. ఆఖరి దెబ్బ గట్టిగ పడితేనే టవలు మీద నూలు లేచి ఉంగరాలు నిలబడతయ్. ఒక్కటే మోటరు, ఒక్కటే బెల్టు పట్టా, అందుకే రెండూ ఒక్క స్పీడుల నడుస్తయ్." అతను నవ్వాడు. "మా పిల్ల చిన్నప్పటి సంది ఈ రెండిటి నడుమనే పండుకునేది. రెండు మగ్గాలు ఒక్కసారే గట్టిగ కొట్టినప్పుడు 'బాపూ, కలిసినయ్' అంటుండె. మాటలు రాకముందు చెయ్యి ఊపేది. ఇప్పుడు వేళ్ళతోని కొట్టుకుంటది, ఏ లెక్కనన్న మగ్గం చేసుకుంటది. ఆరు దెబ్బల మగ్గం, తొమ్మిది దెబ్బల మగ్గం. అసుంటి మగ్గాలు యాడుంటయ్ అని నేను నవ్వుతుంట."

నేను లెక్కపెట్టాను. ఒకటి, రెండు, మూడు. గుమ్మం దగ్గరిది గట్టిగా కొట్టింది. నాలుగు. గోడ పక్కది కొట్టింది. ఆరు, ఎనిమిది, తొమ్మిది, ఒకదాని తర్వాత ఒకటి, ఒక్కోసారి ఒక్కొక్కటే. పన్నెండో దెబ్బకు రెండూ కలిసి కొట్టాయి. కాళ్ళ కింద నేల అదిరింది. మళ్ళీ పన్నెండు, మళ్ళీ నేల అదిరింది.

నేను టవలు మడతపెట్టి, ఎక్కాలు రాయించి, పిల్లల చేత వల్లె వేయించి నేర్పుతున్నది ఆ పిల్లకు పాలు తాగే వయసునుంచీ తెలుసు. దాన్ని నేను దొంగ చేష్ట అన్నాను. అది మగ్గం అని పోల్చుకోలేకపోయాను, నేను, నేతవాడి కూతుర్ని. ఇంకే ఊరి టీచరైనా పోల్చుకోలేకపోతే తప్పు లేదు. నాకు క్షమాపణ లేదు.

"పిల్ల స్కూలు?" అని అడిగాను.

అతని ముఖంలోంచి నవ్వు పోయింది. "బంద్ చేసినం. వాళ్ళమ్మ వద్దన్నది. దొంగతనం నేర్పే చదువెందుకు, ఆకు కత్తిరిస్తె చాలు అన్నది." నావైపు చూడకుండా తెగిన పోగు ముడివేశాడు. "నీకు తెలుసు గద అక్కా, ఏమైందో."

అతనికి తెలుసు. తెలిసే నన్ను కూర్చోమన్నాడు, తెలిసే జవాబులు చెప్పాడు. నా మాట ఒక పిల్లను బడి మాన్పించింది. ఆ ఇంట్లో నిలబడి తప్పయిందని చెప్పడానికి నోరు తెరిచాను. ఎప్పుడూ ఆగని నోరు ఆ రోజు పెగల్లేదు. బయటికొచ్చాను.

ఆ ఆదివారం మా మందిరంలో ప్రభు బల్ల. నెలకొకసారి రొట్టె, ద్రాక్షరసం తీసుకుంటాం. ఎవరితోనైనా పొరపొచ్చం ఉంటే ముందు వెళ్ళి సమాధానపడాలి, తర్వాతే బల్ల దగ్గరికి రావాలి. మా దగ్గర ఇది ఒట్టి మాట కాదు. ప్రభు బల్లకు ముందు శనివారం అత్తాకోడళ్ళు మాట్లాడుకుంటారు, అన్నదమ్ములు ఒకరి గుమ్మం ఒకరు ఎక్కుతారు. రొట్టె ముక్కల పళ్ళెం నా వరుసకు వచ్చింది. ఒకే రొట్టె, అన్నీ ఒకే సైజు ముక్కలు, అందరికీ ఒక్కొక్కటే. నా పక్కావిడ తీసుకుని పళ్ళెం నాకిచ్చింది. నేను తీసుకోకుండా అవతలికి ఇచ్చేశాను. ఆమె నన్ను వింతగా చూసింది. నలభై ఏళ్ళలో ఎప్పుడూ అలా జరగలేదు. పాట అయ్యేవరకు కూడా కూర్చోలేక లేచి బయటికి వచ్చి కుంభారి బస్సెక్కాను.

కాలనీ చాలా పెద్దది. ఒకేలాంటి ఇళ్ళు, వరుసలు వరుసలు. అడుగుతూ అడుగుతూ పోయాను. నన్ను భయపెట్టింది ఆ నిశ్శబ్దం. ఎక్కడా మగ్గం లేదు. గాలి, దూరంగా ఒక బండి, ఒక తల్లి పిల్లాణ్ణి పిలవడం, అంతే.

తల్లి గుమ్మంలో చేట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతోంది. నన్ను చూసి లేవలేదు. రమ్మని కూడా అనలేదు. మెట్టు మీదే కూర్చున్నాను.

"నా తప్పు" అన్నాను. "నీ బిడ్డ దొంగ కాదు. నేనే తప్పు చూసిన."

ఆమె చుడుతున్న బీడీ చేతిలోనే ఆగింది. తర్వాత అంది, "నాకెందుకు చెప్తున్నవ్ అక్కా. నేను దాన్ని కొట్టిన. చూడలే, చూడలే అని మొత్తుకున్నది, అయినా కొట్టిన. టీచర్ రోజూ ప్రార్థన చేసే మనిషి, అబద్ధం ఆడదు, అబద్ధం ఆడేది నువ్వే అన్న. కడుపుల పుట్టినదాన్ని నమ్మలే, నిన్ను నమ్మిన."

నన్ను తిట్టి ఉంటే తట్టుకునేదాన్ని. ఏ దేవుడి పేరు చూసి నన్ను నమ్మిందో ఆ పేరుతోనే ఆ పిల్లకు దెబ్బలు పడ్డాయి. కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

లోపల పిల్ల తునికాకు కత్తిరిస్తోంది. నా వైపు వీపు పెట్టి కూర్చుంది. దగ్గరికి వెళ్ళి చూశాను. ఎడమ చేతి చూపుడువేలూ మధ్యవేలూ కలిపి బీడీలు కట్టే దారంతో బిగించి కట్టి ఉన్నాయి. కుడిచేతికీ అంతే. కత్తెర బొటనవేలితో, చివరి వేళ్ళతో తంటాలు పడుతూ పట్టుకుంది. దారం కింద చర్మం నల్లబడింది.

"అమ్మ కట్టిందా?" అన్నాను.

"లేదు. నేనే కట్టుకున్న."

"ఎందుకు తల్లీ?"

"వేళ్ళు కొట్టుడు దొంగతనం అన్నవ్ గద టీచర్." కత్తెర కింద పెట్టింది. "ఇక్కడ మగ్గాలు లేవు. అయినా లోపల కొడుతున్నయ్. ఆపుదామంటే ఆగుతలేవు. అందుకే కట్టుకున్న."

నేల మీద కూర్చుండిపోయాను. ఏడ్చాను. సిగ్గు లేకుండా, ముక్కు చీదుకుంటూ, ఆ పిల్ల ముందే ఏడ్చాను. తర్వాత ఆమె చేతులు పట్టుకుని దారం విప్పబోయాను. చిన్న ముడులు, గట్టి ముడులు, బీడీల ఇంటి పిల్ల వేసిన ముడులు. పళ్ళతో కొరికి విప్పాల్సి వచ్చింది. "తప్పయింది" అన్నాను. "అది దొంగతనం కాదు. నేను చెప్పిన లెక్క కంటె నీదే మంచి లెక్క. నన్ను మన్నించు. మళ్ళ బడికి రా."

ఆ పిల్ల వేళ్ళు చాపి ముడిచి చూసుకుంది. ఆలోచించింది. నేను బోర్డు మీద అంకె వేసినప్పుడు ఎలా ఆలోచించేదో అలాగే, ఎటో చూస్తూ.

"అందరి ముందర అన్నవ్ గద" అంది.

"అన్న."

"గట్టిగ అన్నవ్."

"అన్న."

"కింద ఏం చేసినమో పైన గదే చెయ్యాలె అని నువ్వే చెప్పినవ్ గద టీచర్. అక్కడ పదకొండు మంది ముందర దొంగ అని, ఇక్కడ ఒక్కదాని ముందర తప్పయింది అంటె, లెక్క ఎట్ల సరిపోతది?"

గుమ్మంలో తల్లి చెయ్యి ఆగింది. నేను నేర్పిన నియమం, నేను మూడుసార్లు వల్లె వేయించిన నియమం. సరిపోదు అన్నాను. ఒప్పుకోక ఏం చేస్తాను?

సోమవారం సాయంత్రం తండ్రి స్కూటర్ మీద తెచ్చి దింపాడు. బళ్ళో కూడా ఆ పొద్దున్నే మళ్ళీ కూర్చోబెట్టి వచ్చాడట. పిల్లలందరూ ఉన్నారు, పదకొండు మందీ. ఆ పిల్ల రెండో వరుసలో గోడ పక్కన తన చోట కూర్చుంది. వేళ్ళ మీద దారం గాట్లు ఇంకా ఉన్నాయి. నేను బోర్డు ముందు నిలబడ్డాను. ఎన్నో ఏళ్ళుగా ఆ చోట నిలబడి పిల్లల తప్పులు చెప్పాను. నా తప్పు చెప్పడం అదే మొదలు.

"ఈ పిల్ల దొంగ కాదు" అన్నాను. "జవాబులు చూడలేదు. నేను చూడకుండనే దొంగ అన్న. అబద్ధం ఆడింది నేను."

ఆ పిల్ల నన్నే చూస్తోంది. నాకు అర్థమైంది. గొంతు చాలలేదు. కిటికీ తలుపులు రెండూ తీసి మళ్ళీ అన్నాను, ఆ రోజు ఎంత గట్టిగా అరిచానో అంత గట్టిగా. ప్రతి మాటా మళ్ళీ. వీధిలో కత్తెరలు ఆగాయి. ఆడవాళ్ళు తలలెత్తి చూశారు. ఎవరో "ఏమైందే ఏసు టీచర్‌కు" అన్నారు. చెప్పడం ఆపలేదు, చివరిదాకా చెప్పాను.

ఇంకొకటి మిగిలింది. బల్ల మీది స్కేలు తీసుకెళ్ళి ఆ పిల్ల ముందు పెట్టాను. నా రెండు చూపుడువేళ్ళు బెంచీ అంచు మీద ఆనించాను, ఆమె వేళ్ళు ఉన్నచోటే. "ఇది కూడా లెక్కల ఉంది" అన్నాను. ఆటకు అనలేదు. కొడితే పడదామనే పెట్టాను. పెదనాన్న కూతురు భయపడి కళ్ళు మూసుకుంది.

ఆ పిల్ల స్కేలు చేతిలోకి తీసుకుంది. నా వేళ్ళు చూసింది, తన వేళ్ళు చూసుకుంది. తర్వాత స్కేలు తీసుకెళ్ళి బల్ల సొరుగులో పెట్టి, సొరుగు మూసి వచ్చి కూర్చుంది.

"వద్దు టీచర్" అంది. "మస్తు నొప్పి పెడతది."

లెక్క ప్రకారం నాకు రావలసిన దెబ్బ అది. నేను నేర్పిన నియమం ఆ పిల్లకు నాకంటే బాగా తెలుసు, ఆదివారం దాన్ని నా ముందు పెట్టి నిలదీసిందీ తనే. ఆ దెబ్బ దగ్గరికి వచ్చేసరికి తనే వదిలేసింది. నలభై ఏళ్ళుగా కృప అనే మాట పాటల్లో పాడుతున్నాను. ఆ దెబ్బ నా వేళ్ళ మీద పడకుండా ఆగినప్పుడు గాని ఆ మాట బరువు నాకు తెలియలేదు.

తిరిగి బోర్డు దగ్గరికి వచ్చాను. పరీక్షలో ఏడో లెక్క మళ్ళీ రాశాను, ఎనిమిదీ పన్నెండూ. నా కాగితంలో ఉన్నట్టే కింద నలభై ఎనిమిది వేసి, ఇది నేను రాసిన జవాబు అని పిల్లలకు చెప్పాను. వెనకనుంచి బెంచీ మీద రెండు వేళ్ళ చప్పుడు వినపడింది, ఒకటి ఒకలా, ఒకటి ఇంకోలా. రెండూ కలిసి పడేదాకా ఆగాను. తర్వాత నలభై ఎనిమిది చెరిపి ఇరవై నాలుగు రాశాను.